బొమ్మ ట్యాంకుకు ఇంట్లోనే ట్రాక్ తయారీ: ముందు లింకు, తర్వాతే పళ్లచక్రం

వాన తడి ఆరని వరి చేలో టైరు హార్వెస్టర్ దిగబడిపోతుంది, చైన్ హార్వెస్టర్ సాగిపోతుంది. యానాం చుట్టూ ఉన్న గోదావరి డెల్టాలో గానీ, తంజావూరు వైపు కావేరి డెల్టాలో గానీ కోతల కాలంలో ఇది అందరూ చూసేదే. మన జనం ‘చైన్ బండి’ అనేదాన్నే ఇంజనీర్లు ట్రాక్ వాహనం అంటారు. బుల్డోజర్, ప్రొక్లెయిన్, యుద్ధ ట్యాంకు అన్నీ ఈ కుటుంబానివే.

మన వాళ్లు తరాలుగా స్థిరపడిన ఊళ్లలో ఈ బండ్ల తయారీ కూడా ఉంది. కోలార్ బంగారు గనుల పట్టణంలో బీఈఎంఎల్ బుల్డోజర్లు తయారవుతాయి. చెన్నై పక్కన ఆవడిలోని హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీ నుంచి 1965లో విజయంత ట్యాంకు బయటికొచ్చింది. అందుకే ఇలాంటి ఊళ్ల పిల్లలు సైన్స్ ప్రదర్శనకు ట్యాంకో, బుల్డోజరో చేస్తామని ముచ్చటపడటంలో వింత లేదు. పైభాగం అట్టతోనైనా, ప్లైవుడ్‌తోనైనా వచ్చేస్తుంది. చిక్కంతా ట్రాక్ దగ్గరే. అది నడిస్తే బండి నడిచినట్టు, ఊడితే బల్ల మీద బొమ్మగా మిగిలిపోయినట్టు.

బజారులో సిద్ధంగా దొరికే ట్రాక్‌లు మనం అనుకున్న కొలతకు కుదరడం అరుదు. అందుకని ఇంట్లో ఉండే పనిముట్లతో, సైకిల్ షాపులోనూ హార్డ్‌వేర్ దుకాణంలోనూ దొరికే సరుకుతో నడిచే ట్రాక్‌ను ఎలా లెక్కవేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాం.

ట్రాక్‌లో ఏమేం ఉంటాయి

ట్రాక్ అంటే పిన్నులతో కలిపిన లింకుల గొలుసు. దాన్ని లాగే పళ్లచక్రం స్ప్రాకెట్. రెండో కొసన పళ్లు లేకుండా తిరుగుతూ గొలుసును బిగువుగా ఉంచేది ఐడ్లర్. బండి బరువును మోసే కింది వరుస చక్రాలు రోడ్డు చక్రాలు. కొన్ని బండ్లలో పై వరుసను ఎత్తిపట్టడానికి చిన్న రోలర్లు కూడా ఉంటాయి. లింకు లోపలి వైపు నిలబడి ఉండే కొమ్ము పేరు గైడ్. రోడ్డు చక్రాన్ని రెండు బిళ్లలుగా చేసి, వాటి మధ్య సందులోంచి ఈ కొమ్ము పోయేలా చూస్తే ట్రాక్ పక్కకు జరగదు.

వీటన్నిటికీ ఆధారమైన కొలత పిచ్. ఒక పిన్ను మధ్య నుంచి తర్వాతి పిన్ను మధ్యకు ఉన్న దూరమే పిచ్. మిగతా కొలతల్లో కాస్త అటూ ఇటూ అయినా బండి నడుస్తుంది. పిచ్ తప్పితే మాత్రం నడవదు.

నమూనాగా టి-55

మొదటిసారి చేసేవారికి టి-55 ట్యాంకు మంచి నమూనా. 1971 యుద్ధంలో మన సైన్యం వాడిన ట్యాంకుల్లో ఇదొకటి. ఇప్పుడు సేవ నుంచి తప్పుకుంది. వైపుకు ఐదు పెద్ద రోడ్డు చక్రాలు, ముందు ఐడ్లర్, వెనక స్ప్రాకెట్ ఉంటాయి. పై రోలర్లు ఉండవు. పై వరుస ట్రాక్ నేరుగా రోడ్డు చక్రాల మీదే వాలి ఉంటుంది. అంటే చేయాల్సిన భాగాలు తక్కువ.

అసలు బండి కొలతలివి. బరువు 36 టన్నులు. ట్రాక్ వెడల్పు 580 మి.మీ. పిచ్ 137 మి.మీ. నేలను తాకే పొడవు 3,840 మి.మీ. రెండు ట్రాక్‌ల మధ్యగీతల ఎడం 2,640 మి.మీ. ఒక్కో వైపు దాదాపు 90 లింకులు.

1:10 స్కేలు పెట్టుకుంటే లెక్క తేలిక. పిచ్ 13.7, వెడల్పు 58, నేలను తాకే పొడవు 384, ట్రాక్‌ల ఎడం 264 మి.మీ. అవుతాయి. 90 లింకుల గొలుసు పొడవు 1,233 మి.మీ. వస్తుంది. చోటు తక్కువైతే 1:16 చేయవచ్చు గానీ, అప్పుడు పిచ్ 8.56 మి.మీ.కి దిగుతుంది. చేత్తో రంధ్రాలు వేసేవారికి అది కష్టం. త్రీడీ ప్రింటర్ ఉన్నవారికి పర్వాలేదు.

బరువు కొలతతో సమంగా తగ్గదు

పొడవు పదో వంతైతే వైశాల్యం నూరో వంతు, బరువు వెయ్యో వంతు అవుతాయి. అసలు ట్యాంకు నేల మీద మోపే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.81 కిలో. 36,000 కిలోల బరువును రెండు ట్రాక్‌లు తాకే 44,544 చదరపు సెంటీమీటర్లతో భాగిస్తే ఈ అంకె వస్తుంది. ఇంట్లో చేసే 1:10 బొమ్మ ఆరు కిలోలు ఉంటుందనుకుందాం. అది తాకే వైశాల్యం 445 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి 0.0135 కిలో, అంటే అసలు దానిలో అరవయ్యో వంతు.

దీనివల్ల రెండు సంగతులు తేలతాయి. ఒకటి, బొమ్మ ఇసుకలో దిగబడుతుందన్న భయం అక్కర్లేదు. నున్నటి నేల మీద పట్టు దొరకకపోవడమే అసలు ఇబ్బంది. రెండు, బొమ్మ లింకులు తేలిక కాబట్టి పిన్ను బిగుతుగా ఉంటే పై వరుస తన బరువుతో కిందికి వాలదు. ఇనుప ట్రాక్‌లా చక్రాల మీద ఒదగకుండా కర్రలా బిర్రబిగుసుకుని నిలబడుతుంది. అందుకే 2 మి.మీ. పిన్నుకు 2.2 మి.మీ. రంధ్రం వేయాలి. ఒక లింకును పట్టుకుని ఎత్తితే పక్క లింకు తనంతట తాను వేలాడాలి.

మూడు మార్గాలు

*ఒకటి, రబ్బరు పట్టీ.* పాత సైకిల్ ట్యూబును పట్టీగా కోసి, దాని మీద చెక్క బద్దలు అతికించడం. ఖర్చు దాదాపు ఉండదు, ఒక్క సాయంత్రంలో అవుతుంది. కానీ రబ్బరు సాగుతుంది. సాగితే బద్దల మధ్య ఎడం మారుతుంది కాబట్టి పళ్లచక్రం పనికిరాదు. నున్నటి చక్రానికి గరుకు కాగితం చుట్టి రాపిడితోనే తిప్పాలి. రెండు కిలోలలోపు బొమ్మకు, చిన్న తరగతుల పిల్లలకు ఇది చాలు.

*రెండు, సైకిల్ చైను.* దీని పిచ్ అరంగుళం, అంటే 12.7 మి.మీ. టి-55 పిచ్‌ను దీనితో భాగిస్తే సుమారు 10.8 వస్తుంది. అంటే స్కేలును 1:10కి బదులు 1:10.8 చేసుకుంటే సైకిల్ చైను నేరుగా సరిపోతుంది. చైనుకు తగ్గట్టు స్కేలును మార్చుకోవడమే సులువు. వైపుకు రెండు చైన్లు పక్కపక్కన వేసి, వాటి బయటి రేకులకు చిన్న ఎల్ ఆకారపు ముక్కలు బిగించి, వాటి మీద అడ్డపట్టీలు కూర్చాలి. బయటి రేకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి కాబట్టి పట్టీలు 25.4 మి.మీ.కి ఒకటి పడతాయి. చూడటానికి ట్యాంకు కంటే బుల్డోజర్ ట్రాక్‌లా ఉంటుంది. అందుకని బుల్డోజర్ చేసేవారికి ఈ మార్గం బాగా నప్పుతుంది.

ఇక్కడొక జాగ్రత్త. సైకిల్ ఫ్రీవీల్‌నే స్ప్రాకెట్‌గా వాడాలనిపిస్తుంది. ఫ్రీవీల్ ఒక దిశలోనే లాగుతుంది, రెండో దిశలో టకటకమంటూ ఖాళీగా తిరుగుతుంది. బండి వెనక్కి నడవాలన్నా, తిరగాలన్నా రెండు దిశల్లోనూ లాగాల్సిందే. లోపలి భాగాన్ని వెల్డింగుతో కదలకుండా చేయించాలి, లేదా యంత్ర విడిభాగాల దుకాణంలో అరంగుళం పిచ్ స్ప్రాకెట్ కొనాలి.

*మూడు, చేత్తో చేసే లింకులు.* 1:10 టి-55కు ఇదే తగినది. 1.5 మి.మీ. అల్యూమినియం బద్దను చిన్న ముక్కలుగా కోసి, ఒక్కోదానికి 13.7 మి.మీ. ఎడంగా రెండు రంధ్రాలు వేయాలి. సైకిల్ చైనులాగే ఒక జత లోపల, తర్వాతి జత బయట వచ్చేలా పేర్చాలి. ట్రాక్ వెడల్పులో ఇటొక వరస, అటొక వరస. లింకుకు నాలుగు ముక్కలు. పిన్నుకు సైకిల్ స్పోకు భేషుగ్గా పనికొస్తుంది. అది సాధారణంగా 2 మి.మీ. మందం ఉంటుంది. ఒక స్పోకు నుంచి 62 మి.మీ. పిన్నులు నాలుగు వస్తాయి. ముక్కల మధ్య పిన్ను మీదికి చిన్న ఇత్తడి గొట్టం తొడిగితే ఎడం చెదరదు, పన్ను తగిలేది కూడా గొట్టానికే కాబట్టి పిన్ను అరగదు. లోపలి జత, బయటి జత మారి మారి వస్తాయి కాబట్టి మొత్తం లింకులు సరిసంఖ్యలోనే ఉండాలి. 90 సరిపోతుంది.

నేలను తాకే పట్టీని 58 మి.మీ. పొడవు, 12.7 మి.మీ. వెడల్పుతో కోయాలి. పిచ్ కంటే ఒక మిల్లీమీటరు తగ్గించడానికి కారణముంది. పై వరుస చక్రాల మధ్య కిందికి వాలినప్పుడు ట్రాక్ వెనక్కి వంగుతుంది, పక్కపక్క పట్టీల అంచులు దగ్గరికొస్తాయి. సందు లేకపోతే ఒకదాన్నొకటి తన్నుకుని అక్కడే బిగుసుకుంటాయి.

అన్నీ సరిగ్గా ఉండటం కంటే అన్నీ ఒకేలా ఉండటం ముఖ్యం

రెండు వైపులకూ కలిపి 180 లింకులు, 720 ముక్కలు. ఒక్కోదాన్ని స్కేలుతో కొలిచి గుర్తుపెట్టి రంధ్రం వేస్తే ఒకటి 13.6, ఇంకొకటి 13.9 వస్తుంది. అలాంటి గొలుసు ఏ పళ్లచక్రం మీదా సరిగా కూర్చోదు.

దీనికి మందు జిగ్. 5 మి.మీ. ఇనుప పలకకు 13.7 మి.మీ. ఎడంలో రెండు రంధ్రాలు లేత్ షాపులో ఒక్కసారి వేయించుకోవాలి. పది ముక్కలను దొంతరగా పట్టుకు బిగించి, పైన జిగ్ పెట్టి, మొదటి రంధ్రం వేయాలి. దానిలో ఒక పిన్ను దించి కదలకుండా చేసి, రెండోది వేయాలి. అప్పుడు 720 ముక్కలకు 72 దొంతరలే.

జిగ్‌లోనే ఎడం 13.8 వచ్చిందనుకోండి, కంగారు పడనక్కర్లేదు. అన్ని లింకులూ 13.8 అయితే పళ్లచక్రాన్ని 13.8కే కోయిస్తాం. గొలుసు మొత్తం 9 మి.మీ. పెరుగుతుంది, దాన్ని ఐడ్లర్ సర్దుకుంటుంది. అదే స్ప్రాకెట్‌ను ముందే 13.7కు కోయించి ఉంటే ఆ తేడా ఒక్కో పన్నుకూ పేరుకుంటూ పోతుంది. చక్రాన్ని చుట్టిన ఏడు పళ్ల దగ్గరికి 0.7 మి.మీ. అవుతుంది. లింకు పన్ను మొదట్లో కూర్చోకుండా మొన మీదికి ఎక్కుతుంది. బరువు పడగానే టక్కున జారుతుంది.

పని క్రమం ఇలా ఉండాలి: ముందు పదకొండు లింకులు కూర్చండి. ఒక కొసను మేకుకు తగిలించి, రెండో కొసకు అరకిలో బరువు వేలాడదీయండి. రంధ్రాల్లో ఉన్న వదులంతా ఒక వైపుకు లాగుకుంటుంది. ఒక పిన్ను నుంచి దాని తర్వాత పదో పిన్ను వరకు కొలిచి పదితో భాగించండి. అదే మీ నిజమైన పిచ్. కాగితం మీద 13.7 అనుకున్నది ఇక్కడ 13.9 కావచ్చు. స్ప్రాకెట్‌కు ఈ అంకెనే ఇవ్వాలి. త్రీడీ ప్రింట్ లింకులకూ, అచ్చులో పోసిన రెజిన్ లింకులకూ ఇదే పరీక్ష. రెజిన్ గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి వాటికి మరీ అవసరం.

పళ్లచక్రం లెక్క

పిన్నుల మధ్యబిందువులు తిరిగే వలయం వ్యాసం ఇలా వస్తుంది: పిచ్‌ను, 180ని పళ్ల సంఖ్యతో భాగించగా వచ్చే కోణపు సైన్‌తో భాగించాలి. 13 పళ్లయితే కోణం 13.85 డిగ్రీలు, దాని సైన్ 0.2393. పిచ్ 13.7కు వ్యాసం 57.2 మి.మీ. పిచ్ 13.9 అయితే 58.1 మి.మీ. ఈ వలయం మీద 13 సమభాగాలు గుర్తించి, ప్రతి గుర్తు దగ్గరా ఇత్తడి గొట్టం వ్యాసానికి కాస్త వదులుగా గుండ్రటి గాడి తీయాలి. మిగిలిన భాగమే పన్ను. దాని మొనలను ఆకురాయితో గుండ్రంగా రాయాలి.

పళ్లు తగ్గిస్తే పని తగ్గుతుందని కొందరు ఆరు పళ్ల చక్రం చేస్తారు. గొలుసు పళ్లచక్రాన్ని వలయంగా కాక బహుభుజిగా చుట్టుకుంటుంది కాబట్టి, మోటారు సమంగా తిరిగినా ట్రాక్ వేగం పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. 13 పళ్లకు ఈ తేడా సుమారు 3 శాతం, తెలియదు. ఆరు పళ్లకు 13 శాతం దాటుతుంది. బండి ఊగుతూ నడుస్తుంది.

పొడవు, బిగువు

చక్రాలన్నీ బిగించాక వాటి చుట్టూ దారం చుట్టి కొలవండి. పిచ్‌తో భాగించి, పైనున్న సరిసంఖ్యకు సర్దండి. మిగిలిన వదులును ఐడ్లర్ ముందుకు జరిగి తీసుకోవాలి. ఐడ్లర్ ఒక మిల్లీమీటరు జరిగితే గొలుసులో సుమారు రెండు మిల్లీమీటర్లు సర్దుబాటవుతాయి. సరిసంఖ్య కోసం లింకులు రెండేసి చొప్పున మారతాయి. అందుకని ఐడ్లర్ ఇరుసుకు కనీసం 15 మి.మీ. పొడవైన గాడి ఉంచి, స్క్రూతో తోసే ఏర్పాటు చేయండి.

బిగువు ఎంత ఉండాలి? టి-55 తరహా బండిలో పై వరుస మధ్య చక్రాల మీద వాలాలి, కొసల దగ్గర కాస్త పైకి లేవాలి. వీణ తీగలా బిగిస్తే మోటారు బలమంతా రాపిడికే పోతుంది.

తిరిగేటప్పుడే ట్రాక్ ఊడుతుంది

ట్రాక్ బండికి స్టీరింగు ఉండదు. ఒక వైపు ఆపి, ఇంకో వైపు నడిపితే తిరుగుతుంది. అప్పుడు ట్రాక్ నేల మీద అడ్డంగా ఈడ్చుకుపోతుంది. నేలను తాకే పొడవును ట్రాక్‌ల ఎడంతో భాగిస్తే వచ్చే అంకె ఇక్కడ కీలకం. టి-55కు ఇది 1.45. అందంగా ఉంటుందని బండిని సన్నగా, పొడుగ్గా చేస్తే ఈ అంకె పెరుగుతుంది, తిరగడం కష్టమవుతుంది. 1.5 దగ్గర ఉంచుకోవడం మేలు.

మోటారును కూడా తిరిగే బలాన్ని బట్టే ఎంచుకోవాలి. ఆరు కిలోల బండి, గరుకు నేల మీద రాపిడి గుణకం 0.7 అనుకుంటే, అక్కడికక్కడే తిరగడానికి ఒక్కో ట్రాక్ సుమారు 15 న్యూటన్ల బలంతో లాగాలి. 57 మి.మీ. స్ప్రాకెట్ దగ్గర అది 4.4 కిలో-సెంటీమీటర్ల టార్క్. చక్రాల రాపిడి కూడా కలుపుకుని రెట్టింపు వేసుకుంటే, వైపుకు 10 కిలో-సెంటీమీటర్ల గేర్డ్ డీసీ మోటారు కావాలి. నిమిషానికి 100 చుట్లు తిరిగేది తీసుకుంటే బండి గంటకు సుమారు ఒక కిలోమీటరు వేగంతో నడుస్తుంది. ప్రదర్శన బల్ల మీద అంతకంటే వేగం అక్కర్లేదు.

ట్రాక్ ఊడకుండా మూడు చూసుకోవాలి. స్ప్రాకెట్, రోడ్డు చక్రాలు, ఐడ్లర్ ఒకే గీతలో ఉన్నాయా? నిటారైన అల్యూమినియం బద్ద ఆనించి చూడండి. గైడ్ కొమ్ముకు చక్రాల సందులో ఇటూ అటూ ఒక్కో మిల్లీమీటరే ఖాళీ ఉందా? కొమ్ము మొన కోణంగా ఉంటే పక్కకు జరిగినా మళ్లీ సందులోకి జారుతుంది. ఇక మూడోది, వెనక్కి నడుపుతూ తిప్పి చూశారా? స్ప్రాకెట్ వెనక ఉన్న బండి ముందుకు పోయేటప్పుడు వదులంతా పై వరుసలో ఉంటుంది, ప్రమాదం తక్కువ. వెనక్కి పోయేటప్పుడు పై వరుస బిగుసుకుని, వదులు స్ప్రాకెట్‌కూ చివరి రోడ్డు చక్రానికీ మధ్య చేరుతుంది. ట్రాక్ ఎక్కువగా ఊడేది అక్కడే. ప్రదర్శనకు ముందు ఈ పరీక్ష తప్పక చేయండి.

నున్నటి టైల్స్ మీద పట్టు చాలకపోతే పట్టీలకు సైకిల్ ట్యూబు ముక్కలు అతికించవచ్చు. పట్టు పెరిగిన కొద్దీ తిరగడానికి కావలసిన బలం కూడా పెరుగుతుంది. అందుకని మూడు పట్టీలకు ఒకదానికి అతికించి మొదట నడిపి చూడటం మంచిది.

పనిలో జాగ్రత్తలు

స్పోకులు కత్తిరించేటప్పుడు ముక్క ఎగిరి కంట్లో పడొచ్చు, అద్దాలు పెట్టుకోవాలి. రంధ్రాలు వేసేటప్పుడు ముక్కల్ని వేళ్లతో పట్టుకోవద్దు, పట్టుకు బిగించాలి. రెజిన్ పోసే పని కిటికీలు తెరిచిన గదిలో, చేతితొడుగులతో చేయాలి. ట్రాక్ ఇరుక్కుపోతే మోటారు, బ్యాటరీ వైరు వేడెక్కుతాయి కాబట్టి ఫ్యూజు ఉండాలి.

ఇంట్లో గానీ, వీధిలో గానీ ఫిట్టరుగా, టర్నరుగా పనిచేసి రిటైరైన పెద్దలుంటే పిల్లల్ని వారి దగ్గర కూర్చోబెట్టండి. జిగ్ ఎందుకు, ఆకురాయి ఎలా పట్టాలి, ఎంత వదులు ఉంటే పిన్ను ఆడుతుంది అన్నవి వారి చేతులకు తెలిసిన విద్య. బడిలో కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ చదివే మన పిల్లలకు ఈ పని మాటలు తెలుగులో వినపడే చోటు కూడా ఆ బల్ల దగ్గరే.

పని మొదలుపెట్టే ముందు ఈ వరుసను కాగితం మీద రాసుకుని గోడకు అంటించుకోండి: జిగ్, పదకొండు లింకులు, వేలాడదీసి కొలత, ఆ తర్వాత స్ప్రాకెట్, చివరికి మిగతా లింకులు. ఈ వరుస పాటిస్తే లెక్కలో తేడా ఉన్నా పదకొండు లింకుల దగ్గరే బయటపడుతుంది, 180 లింకుల శ్రమ వృథా కాదు.